దవ్లత్ దాచిన నెల

పొద్దున్న తొమ్మిదింటికి వంటింట్లో నిలబడి చేపలకు ఉప్పూ జీలకర్రా పట్టిస్తుండగా రగ్దాకి కాళ్ళ వెంట గోరువెచ్చగా నీళ్ళు కారాయి. ముందు చేతిలో గిన్నె ఒలికిందేమో అనుకుంది. చూస్తే గిన్నె నిండుగానే ఉంది. సంగతి అర్థమయ్యాక భయపడాల్సింది పోయి, ఆ పిల్ల, చేప చేతిలో ఉండగానే పకపకా నవ్వింది. ఇన్ని నెలలుగా ఎదురుచూసిన రోజు ఇలా చేపల నీచు మధ్య వచ్చిపడుతుందని ఎవరనుకుంటారు?

"అత్తా, ఇటు రా. బయల్దేరింది."

దవ్లత్ వచ్చింది, నేల చూసింది, కోడలి నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. "మెల్లగా ఏడువ్. కిటికీ తెరిచుంది."

"ఉంటే ఏం? నేనేమైనా దొంగతనం చేశానా?"

"అంతకంటే పెద్ద సొత్తు మోస్తున్నావ్. నోరు మూసుకుని కూచో, నేను నేల తుడుస్తా."

దవ్లత్ రగ్దాకి అత్తగారు కాకముందే మేనత్త. రగ్దాకి ఆరేళ్ళప్పుడు తల్లి జ్వరంతో పోతే, అన్నగారి పిల్లని తెచ్చుకుని పెంచింది, పెద్దయ్యాక తన ఒక్కగానొక్క కొడుకు షవ్కీకే చేసుకుంది. మనిషి మంచిది. చేతివంట అమోఘం. నోరు కాస్త పెళుసనుకోండి, అది ఆ సరస్సు ఒడ్డు ఆడవాళ్ళందరికీ ఉన్నదే. ఒక్క దిష్టి విషయంలో మాత్రం ఆవిడకి మతి ఉండదు. దానికి కారణం లేకపోలేదు. షవ్కీకి ముందు ఇద్దరు మగపిల్లలు పుట్టారు. పెద్దవాడిని చూసి ఎవరో "వెన్నముద్దలా ఉన్నాడమ్మా" అన్నారు, వారం తిరక్కుండా పోయాడు. రెండోవాడిని చూసి "వీడైనా దక్కాడు" అన్నారు, వాడూ దక్కలేదు. మూడోసారి కడుపొస్తే దవ్లత్ పెద్ద గుడారమంత గౌను కుట్టించుకుని, పురుడు వచ్చేదాకా ఆ వీధికి తెలియనివ్వలేదు. పుట్టిన షవ్కీకి ఐదేళ్ళదాకా ఆడపిల్ల గౌను తొడిగి, చెవికి పోగు పెట్టి, "ఒరే బిచ్చగాడా" అని పిలిచింది. షవ్కీ బతికాడు. ఇక ఆవిడ ముందు దిష్టి లేదని ఎవరు వాదించగలరు?

అందుకే రగ్దా నెల తప్పిన రోజునే అత్తగారు చట్టం చేసింది. కడుపు దాచడం ఈ రోజుల్లో కుదరదు గనక నెల దాచాలి. కనేది డిసెంబరులో, చెప్పేది జనవరి. కన్నేసేవాళ్ళు జనవరి కోసం కాచుకుని కూచుంటే డిసెంబరులో పని అయిపోతుంది.

లెక్క బాగానే ఉంది. వచ్చిన చిక్కల్లా ఆరోగ్య కేంద్రంలో. మొదటిసారి కార్డు రాయించుకోడానికి వెళ్ళినప్పుడు బల్ల మీద సగం వీధి కూర్చుని ఉంది. అందరికంటే ముందు వరసలో ఎదురింటి వహీబా. వహీబా మెచ్చుకున్న ఫ్రిజ్ సాయంత్రానికి ఆగిపోయిందని, "ఎంత జుట్టు" అన్న పిల్లకి టైఫాయిడ్ వచ్చి జుట్టంతా రాలిపోయిందని వీధిలో చెప్పుకుంటారు. గుమస్తా పిల్ల "చివరిసారి బయట చేరిన తేదీ?" అని అడిగింది. మార్చి పదిహేను అని చెప్పడానికి రగ్దా నోరు తెరిచింది. ఈలోపు దవ్లత్ గొంతెత్తి, "ఏప్రిల్ పదిహేను" అంది. గుమస్తా నీలం సిరాతో రాసేసింది. ఇంటికొచ్చాక రగ్దా మొత్తుకుంటే, "షవ్కీ మీద ఒట్టు, ఈ మాట మన గడప దాటకూడదు" అని చేతిలో చెయ్యి వేయించుకుంది.

ఏడో నెలలో ఊరి ఆసుపత్రిలో స్కానింగ్ తీసిన కుర్ర డాక్టరు హాతిమ్, "నెలకి మించి పెరిగింది. తల్లికి షుగరేమో" అని అనుమానపడ్డాడు. మూడుసార్లు తియ్యటి నీళ్ళు తాగించి రక్తం తీశారు. మూడుసార్లూ ఏమీ లేదు. అయినా జాగ్రత్త కోసం మిఠాయి మానమన్నారు. రెండు నెలలు బస్బూసా ముక్క నోట పెట్టలేదు రగ్దా.

"నీ ఒక్క నెల కోసం నా నోరు కట్టేశారు అత్తా," అని గొణిగేది.

"నోరు కడితే కట్టారు. బిడ్డ బాగుంది కదా," అనేది దవ్లత్, తన వాటా బస్బూసా నింపాదిగా తింటూ.

ఇప్పుడు ఆ బిడ్డ బయల్దేరింది. వీధిలో ఎవరి కంటా పడకుండా ఆసుపత్రికి చేరాలి. సంచీ పట్టుకుని వెళ్తే ఊరంతా గ్రహిస్తుంది. దవ్లత్ ఒక్క నిమిషం ఆలోచించి, చేపలు కాల్చడానికి బట్టీకి పంపే పెద్ద రేకు పళ్ళెం తీసింది. అందులో పాప గౌన్లూ టోపీలూ గుడ్డలూ దుప్పటీ పరిచి, పైన కాగితం వేసి, ఆ కాగితం మీద ఉప్పు పట్టించిన చేప ఒకటి వాసన కోసం పెట్టి, మొత్తం మీద తెల్లగుడ్డ కప్పింది. నెత్తిన పళ్ళెంతో అత్త ముందు, పొట్ట మీద శాలువాతో కోడలు వెనక, రొట్టెల బట్టీకి వెళ్తున్నట్టు వీధి దాటారు. మలుపు తిరగ్గానే ఆటో ఎక్కారు. ఆటోలో రగ్దాకి మొదటి నొప్పి వచ్చింది. నడుం చుట్టూ ఎవరో తాడు బిగించి వదిలినట్టయింది. వదలగానే మళ్ళీ నవ్వొచ్చింది. షవ్కీకి ఫోను కలిపింది. అతను సరస్సు మధ్య పడవలో వల లాగుతున్నాడు.

"బావా, మేం ఆసుపత్రికి వెళ్తున్నాం. వచ్చెయ్."

"ఎందుకు? నీకేమైంది? జనవరి కదా?"

"ఆ జనవరి వీధికి చెప్పింది. నీకు కాదు."

"అమ్మ ఇన్నిసార్లు చెప్పేసరికి నేనూ నమ్మేశానే," అన్నాడు షవ్కీ. "గట్టుకి రావడానికే మూడు గంటలు పడుతుంది. నేనొచ్చేదాకా ఆపు."

"ఆపడానికి ఇదేం ఆటోనా?" అని ఫోను పెట్టేసింది రగ్దా.

ఆ ఊరి ఆసుపత్రి చిన్నదే గాని రగ్దాకి అది పెళ్ళిపందిరిలా కనిపించింది. సోమవారం సోమవారం అక్కడ ఎతిదాల్ సిస్టర్ గర్భిణులను కూర్చోబెట్టి ఊపిరి ఎలా తీయాలో, నొప్పి వచ్చినప్పుడు ఎలా నిలబడాలో నేర్పేది. పాతికేళ్ళుగా పురుళ్ళు పోస్తున్న మనిషి. బిడ్డ పుట్టగానే బొడ్డు కూడా కోయకముందే తల్లి గుండెల మీద పడుకోబెడతానని ఆవిడ మాటిచ్చింది. పోయిన నెల నుంచి కాన్పు గదిలోకి ఒక ఆడమనిషిని తోడు రానిస్తున్నారు కూడా. వీధిలో ఈమధ్య పిల్లల్ని కన్న వాళ్ళందరినీ ఎక్కడెక్కడికో తీసుకెళ్ళి కోసి తీశారు. మత్తు దిగాక బిడ్డని ఎవరి చేతుల్లోంచో అందుకున్నారు. రగ్దాకి అలా వద్దు. తను మేలుకుని ఉండాలి, పక్కన అత్త ఉండాలి, బిడ్డ సూటిగా తన గుండెల మీదకే రావాలి. రాత్రుళ్ళు ఆ ఒక్క క్షణమే ఊహించుకుంటూ నిద్రపోయేది.

హాల్లో అడుగుపెట్టగానే దవ్లత్ టక్కున ఆగిపోయింది. ఎదురుగా బల్ల మీద పుచ్చగింజలు కొరుకుతూ వహీబా కూర్చుని ఉంది. రక్తపోటు చూపించుకోడానికి వచ్చిందట.

"ఏం వదినా, చేపలు ఆసుపత్రిలో కాలుస్తున్నారా ఇప్పుడు?" అంది వహీబా పళ్ళెం వంక చూసి.

"బట్టీలో రద్దీగా ఉంటేనూ," అంది దవ్లత్. అంతకంటే మంచి అబద్ధం ఆవిడకి తోచలేదు.

చీటీలు రాసే అతను కార్డు అందుకుని, "ఎన్నో నెల?" అన్నాడు. రగ్దా అత్త వైపు చూసింది. అత్త వహీబా వైపు చూసింది. వహీబా గింజ కొరకడం ఆపింది.

"ఎనిమిదో నెల నడుస్తోంది," అంది దవ్లత్, హాలంతా వినపడేలా. "ఏదో చిన్న నొప్పి. చూపించుకుని పోదామని."

అతను కార్డు చూసి తలూపాడు. కార్డు కూడా అదే మాట చెబుతోంది మరి.

కాన్పు గది హాలుకి ఆనుకునే ఉంది. మధ్య తలుపు పగలంతా తెరిచే ఉంటుంది, పచ్చ తెర ఒక్కటే అడ్డం. ఎతిదాల్ సిస్టర్ రగ్దాని మంచం ఎక్కించి పరీక్ష చేసింది.

"ఓసి పిల్లా, సగం దారి ఇంట్లోనే నడిచొచ్చావే. ఐదు సెంటీమీటర్లు తెరుచుకుంది."

"అయితే మధ్యాహ్నానికి వచ్చేస్తుందా సిస్టర్?"

"ఇలాగే నవ్వుతూ ఉంటే వస్తుంది. తొలికాన్పుకి నవ్వుతూ వచ్చినదాన్ని నిన్నే చూస్తున్నా." ఆవిడ మళ్ళీ పొట్ట తడిమి, కనుబొమలు ముడిచింది. "ఎనిమిదో నెల అన్నారే. ఇదేం ఎనిమిదో నెల పొట్ట? తల బాగా కిందికి దిగి కూర్చుంది."

దవ్లత్ గోడ మీద పట్టికలు చదవసాగింది. ఆవిడకి చదువు రాదు.

రగ్దా నోరు తెరవబోతుండగా ఇంకో నొప్పి వచ్చింది. ఇది మొదటిదానిలా లేదు. మంచం అంచు పట్టుకుని, సోమవారాలు నేర్చుకున్న ఊపిరంతా ఖర్చు పెట్టింది. అది దిగేసరికి డాక్టరు హాతిమ్ కార్డు చేత్తో పట్టుకుని గదిలో ఉన్నాడు. ముఖంలో నవ్వు లేదు.

"చూడమ్మా, నీకు ముప్ఫై ఐదు వారాలే. ఉమ్మనీరు పోయింది గనక కాన్పు ఆపలేం. బిడ్డ ఊపిరితిత్తులు పండి ఉండవు. పుట్టగానే అద్దాల పెట్టెలో పెట్టాలి. ఇక్కడున్నవి రెండు పెట్టెలు, రెండూ నిండిపోయాయి. మన్సూరా పెద్దాసుపత్రిలో మాట్లాడాను. అరగంటలో అంబులెన్స్ వస్తుంది. ఈలోపు ఊపిరితిత్తుల కోసం ఒక ఇంజెక్షన్ ఇస్తాం."

"మన్సూరానా?" అంది రగ్దా. "మా అత్త నాతో ఉండొచ్చా?"

"బండిలో రావచ్చు. కాన్పు గదిలోకి అక్కడ ఎవర్నీ రానివ్వరు."

"పాపని నా గుండెల మీద పెడతారా?"

"పుట్టగానే పెట్టెలోకి తీసుకెళ్తారమ్మా. రెండు వారాలో, మూడు వారాలో. తర్వాత చూద్దువుగాని."

పొద్దుటి నుంచీ నవ్వుతున్న పిల్ల ముఖం ఒక్కసారిగా మారిపోయింది. మూడు వారాలు. కన్నది తను, అద్దం బయట నిలబడేదీ తనే. దేనికోసం? ఒక సిరా గీత కోసం. అత్త మీద ఆ క్షణాన వచ్చినంత కోపం రగ్దాకి పుట్టి బుద్ధెరిగాక ఎవరి మీదా రాలేదు.

"డాక్టరు గారూ, నాకు తొమ్మిది నిండాయి. ఆ తేదీ తప్పు. మార్చి పదిహేను."

అతను ఓపిగ్గానే విన్నాడు. "అంబులెన్స్ అనగానే అందరికీ తొమ్మిది నిండుతాయమ్మా. పోయిన నెల ఒకావిడ ఇలాగే ఒట్టేసి చెబితే నమ్మాను. ఆ బిడ్డ అర్ధగంట ఊపిరి కోసం కొట్టుకుంది. నేను మళ్ళీ నమ్మను."

"అత్తా, నువ్వు చెప్పు."

దవ్లత్ తెర వంక చూసింది. తెర అవతల గింజలు కొరుకుతున్న చప్పుడు వినపడుతోంది. ఆవిడ డాక్టరు దగ్గరికి జరిగి, చెవిలో చెప్పినంత సన్నగా, "తొమ్మిదే బాబూ," అంది.

"ఇప్పుడే కదా పెద్దమ్మా, బయట ఎనిమిదన్నారు. హాలంతా విన్నారు. ఏ మాట నిజమనుకోను?" అని అతను సిస్టర్ వైపు తిరిగాడు. "ఇంజెక్షన్ సిద్ధం చెయ్యండి. ఎవరైనా బయటివాళ్ళు, ఈ అమ్మాయికి ఎప్పుడు నెల తప్పిందో తెలిసినవాళ్ళు ఉంటే వేరే మాట."

రగ్దా కళ్ళు మూసుకుని వెనక్కి వెనక్కి వెళ్ళింది. ఎవరికి తెలుసు? ఎవరికీ తెలియకుండా అత్త కంచె కట్టింది కదా. షమ్మున్నసీం పండగ నాడు, ఊరంతా మాగిన ఉప్పుచేప తినే రోజున, ఆ వాసనకి కడుపు తిప్పి మెట్ల మీదే వాంతి చేసుకుంది. అదే మొదలు. చేప చెడిపోయిందని అత్త సర్దిచెప్పింది. ఆ మెట్లు కడిగిందెవరు?

"అత్తా," అంది. "పండగ నాడు మెట్ల మీద నేను కక్కుకుంటే చూసింది ఒక్కరే. బయటే ఉంది. పిలువు."

దవ్లత్ ముఖం పాలిపోయింది. "ఆవిడనా? నీకు మతి ఉందా? ఎవరికి తెలియకూడదని ఇన్నాళ్ళూ..."

"పిలుస్తావా, పాపని పెట్టెలో పెట్టిస్తావా?"

అంతకుమించి మాట్లాడనివ్వకుండా నొప్పి వచ్చి పిల్లని ముంచేసింది. మంచం కమ్మీ పట్టుకుని గట్టిగా ఊపిరి వదులుతూనే చెవులు మాత్రం తెర వైపు పెట్టింది. అత్త చెప్పుల చప్పుడు నాలుగడుగులు వెళ్ళి ఆగింది. తర్వాత దవ్లత్ గొంతు వచ్చింది. చేపల బేరంలో సగం సంతని అదలించే ఆ గొంతు ఇప్పుడు ఎండిపోయి ఉంది.

"వహీబా వదినా. నా కోడలికి ఎనిమిదో నెల కాదు. తొమ్మిది నిండాయి. ఇవాళే కంటుంది. ఇంకో గంటకో రెండు గంటలకో. నీకు తెలియకూడదని నెల దాచాను. ఆరోగ్య కేంద్రంలో నువ్వున్నావని తప్పు తేదీ రాయించాను. ఇప్పుడు నా మాట డాక్టరు నమ్మట్లేదు. నువ్వు చెబితే నమ్ముతాడు."

కడుపులో ఉన్నదాన్ని పట్టపగలు, పదిమంది ముందు, ఎవరి కళ్ళకి భయపడిందో ఆ కళ్ళ ఎదుటే విప్పి పెట్టేసింది దవ్లత్. రగ్దా కోపం అక్కడికక్కడే కరిగిపోయింది. ఆ నాలుగడుగులు వేయడానికి అత్తకి ఎంత ధైర్యం కావలసి వచ్చిందో ఆవిడ చేతుల్లో పెరిగిన పిల్లకి తెలియదా?

"అయిపోయిందా?" అంది వహీబా.

"అయిపోయింది."

"నాకు తెలియదనుకున్నావా వదినా? ఏడుగురిని కన్నాను. మీ బట్టలు ఆరేసే తాడు నా బాల్కనీ ఎదురుగానే ఉంది. పండగనాడు ఆ మెట్లు కడిగిన చేతులివి. మర్నాటి నుంచీ నీ కోడలు పొద్దున్నే నిమ్మకాయ వాసన చూస్తూ కిటికీలో నిలబడేది. మన వీధి నా కళ్ళ గురించి ఏమనుకుంటుందో కూడా నాకు తెలుసు. అందుకే ఆ పిల్ల మెట్లు దిగే చప్పుడు వింటే నా తలుపు వేసుకునేదాన్ని. ఇన్ని నెలల్లో ఒక్కసారైనా నీ గడప తొక్కానా?"

దవ్లత్ చెప్పుల చప్పుడు గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగింది.

"జరుగు, అడ్డం లే," అంది వహీబా. తెర పక్కకు తొలిగింది. ఆవిడ గుమ్మంలోనే నిలబడి, చూపు మంచం మీద పడకుండా తల గోడ వైపు తిప్పుకుని, డాక్టరుతో మొత్తం చెప్పింది. పండగ, మెట్లు, నిమ్మకాయ, వారమంతా అద్దాలు తుడిచే మిషతో తను చూసినవన్నీ ఒక్క పొల్లు పోకుండా చెప్పింది.

డాక్టరు వేళ్ళ మీద లెక్క వేశాడు. "పండగ ఏప్రిల్ ఇరవై ఒకటి. ఈ కార్డు నిజమైతే అప్పటికి కడుపే లేదు. వేవిళ్ళెక్కడివి?" అతను కార్డులో షుగరు పరీక్షల కాగితాలు తిప్పాడు. ఒకటి, రెండు, మూడు. అన్నీ మామూలే. స్కానింగ్ మిషను దగ్గరికి లాగి, రగ్దా పొట్ట మీద చల్లటి జిగురు రాసి చాలాసేపు చూశాడు. ఎతిదాల్ సిస్టర్ చేతిలో ఇంజెక్షన్ అలాగే ఉంది.

"రెండు నెలలుగా ఈ బిడ్డ ఎందుకింత పెద్దగా ఉందా అని పుస్తకాలు తిరగేస్తున్నాను," అన్నాడు చివరికి. "పెద్దగా లేదు. సరిగ్గా ఉంది. పెద్దమ్మా, మీరు నా చేత ఈ పిల్లకి మూడుసార్లు చక్కెర నీళ్ళు తాగించారు."

"తాగితే తాగింది బాబూ. తియ్యగానే ఉంటాయి కదా," అంది దవ్లత్.

"సిస్టర్, మన్సూరాకి ఫోన్ చేసి వద్దని చెప్పండి."

ఆ మాట వినగానే రగ్దాకి మళ్ళీ నవ్వొచ్చింది. నవ్వు సగంలో నొప్పి, నొప్పి సగంలో ఏడుపు, అన్నీ కలిసిపోయాయి. వహీబా తెర మూసి వెళ్ళిపోయింది. దవ్లత్ మంచం పక్కకి వచ్చి చెయ్యి ఇచ్చింది. ఆ తర్వాతి రెండు గంటలూ ఆ చెయ్యి ఏమైపోయిందో ఆవిడకే తెలియాలి.

"లే, నడువ్," అనేది సిస్టర్. నడిచేది. "మంచం పట్టుకుని నడుం ఊపు." ఊపేది. "ఇప్పుడు చాలా దగ్గరికి వచ్చావు," అనేది. ఆ దగ్గర అన్న మాట కోసమే రగ్దా ఒక్కొక్క నొప్పినీ దాటింది. ఒక దశలో ఇక నా వల్ల కాదు, ఇంటికి పోతానంది.

"పో," అంది దవ్లత్. "పళ్ళెం కూడా పట్టుకుపో. దారిలో బట్టీలో చేప కాల్పించు."

సిస్టర్ నవ్వింది. రగ్దా కూడా నవ్వింది. ఆ నవ్వుతో పాటే ఒళ్ళంతా కిందికి నెట్టమని చెప్పింది, ఎవరూ చెప్పనక్కర్లేకుండానే. నెట్టింది. ఊపిరి పట్టి మళ్ళీ నెట్టింది. "తల కనిపిస్తోంది, నల్లగా ఒత్తుగా జుట్టు," అంది సిస్టర్. జుట్టు అన్న మాటకి దవ్లత్ దిష్టి తగలకుండా గబగబా ఖురాన్ సూరా చదవడం మొదలుపెట్టింది. మూడోసారి నెట్టాక రగ్దాకి లోపలి నుంచి ఒక బరువు జారినట్టయింది. తర్వాత ఒక్క క్షణం ఏమీ లేదు.

అప్పుడు ఏడుపు. సన్నగా కాదు, ఎవరో తన ఆస్తి లాక్కున్నట్టు గట్టిగా, కోపంగా.

"ఊపిరితిత్తులు పండలేదన్నదెవరు?" అంది సిస్టర్, తడి తడిగా ఉన్న ఆ వేడి ముద్దని తెచ్చి రగ్దా గుండెల మీద పెడుతూ. "ఆడపిల్ల."

ఇన్ని రాత్రులు ఊహించుకున్నా అది ఇంత వెచ్చగా ఉంటుందని రగ్దా అనుకోలేదు. పాప ముక్కు తన మెడ కింద తగులుతోంది. చిన్న గోళ్ళు చర్మాన్ని పట్టుకున్నాయి. ఏడుపు ఆగింది. రగ్దాకి లోకం మొత్తాన్ని పిలిచి చూపించాలనిపించింది. సరస్సు మధ్యలో ఉన్న బావని, ఎప్పుడో పోయిన అమ్మని, హాల్లో ముక్కూ ముఖం తెలియని వాళ్ళందరినీ.

సిస్టర్ బొడ్డు కోసి, తూకం వేసి తెచ్చి మళ్ళీ గుండెల మీద పెట్టింది. "మూడు కిలోల నాలుగు వందలు. ఇక గౌను తొడుగుదాం." పళ్ళెం మీద గుడ్డ తీసి, చేప వంకా గౌన్ల వంకా మార్చి మార్చి చూసింది. చివరికి ఆసుపత్రి దుప్పటే కప్పింది.

ఇంత జరిగినా అత్త దగ్గరికి రాలేదు. రగ్దా తల తిప్పి చూసింది. దవ్లత్ గది మూలన గోడకి ముఖం పెట్టి నిలబడి ఉంది. పెదాలు కదులుతున్నాయి.

"అత్తా, ఏం చేస్తున్నావక్కడ? ఇటు రా. చూడు."

"తర్వాత చూస్తాలే."

"తర్వాత ఎప్పుడు?"

"నలభై రోజులు వెళ్ళనీ. బయటివాళ్ళ కళ్ళకంటే ఇష్టపడేవాళ్ళ కళ్ళే ప్రమాదం. ఇవాళ అసలే పదిమందిలో చెప్పేశాను. నా కళ్ళు కూడా దాని మీద పడొద్దు."

"మరి బావ పుట్టినప్పుడు?"

"వాడినీ చూడలేదు. నలభై రోజులు వాడి పాదాలు చూస్తూ పాలిచ్చాను. ఆ రోజుల్లో వాడి ముఖం ఎలా ఉండేదో నాకు తెలియదు."

ఆ మాట ఆవిడ మామూలుగానే చెప్పింది, కూరలో ఉప్పు ఎంత వేశానో చెప్పినట్టు. కడుపు తీపి అంతా కళ్ళలో పెట్టుకుని, ఆ కళ్ళనే కిందికి దించుకుని, నలభై రోజులు పాదాలు చూస్తూ కూర్చున్న తల్లిని తలుచుకుంటే రగ్దాకి గుండెల మీద ఉన్న తన పాప బరువు ఇంకా పెరిగినట్టయింది.

"అత్తా," అంది మెల్లగా. "ఇది అచ్చం బావే. అదే నుదురు, అదే గడ్డం. నువ్వు చూడకుండా వదిలేసిన ముఖం ఇదిగో, ఇక్కడుంది. ఇది కూడా వదిలేస్తావా?"

దవ్లత్ భుజాలు కదిలాయి. తర్వాత గోడ నుంచి ఇటు తిరిగింది. ముందు పాదాలు చూసింది, అలవాటు. చూపు నెమ్మదిగా పైకి వచ్చింది. చిన్న మోకాళ్ళు, ముడుచుకున్న చెయ్యి, బొద్దు బుగ్గ. ముఖం దగ్గర ఆగిపోయింది. మంచం అంచు పట్టుకుని వంగి, ఇక దాచుకోకుండా, ఒక్కొక్క రెప్పా లెక్క పెడుతున్నట్టు చూసింది. కన్నీళ్ళు దుప్పటి మీద పడుతున్నా తుడుచుకోలేదు.

"వాడే," అంది. "ముక్కు దగ్గర ఈ ముడతతో సహా వాడే."

"నీకెలా తెలుసు? చూడలేదన్నావుగా."

దవ్లత్ తడి కళ్ళతోనే కోడలి వంక చూసింది, దొరికిపోయిన చిన్నపిల్లలా. "ఒక్కసారి చూశానే. మూడో రోజు. వాడు నిద్రపోతుంటే ఉండబట్టలేక. ఆ తర్వాత ముప్ఫై ఏడు రోజులూ భయంతో చచ్చాను. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, వాడికి కూడా."

"ఏమైంది మరి? బతికాడుగా."

"బతికాడు," అంది దవ్లత్. ఆ సంగతి ఆవిడకి అప్పుడే తెలిసినట్టుంది. మళ్ళీ వంగి చూసింది. ఈసారి పాప బుగ్గని వేలితో తాకింది. "ఎంత బాగున్నావే," అంది పైకే. అని కాసేపు ఆగింది. ఏమీ కాలేదు. పాప నోరు తెరిచి ఆవలించింది.

ఆవిడ ముక్కు చీదుకుని, తలగుడ్డ సర్దుకుని, పచ్చ తెర దాకా నడిచి దాన్ని బారుగా పక్కకి లాగింది.

"వహీబా వదినా, చెప్పులు అక్కడ వదిలేసి లోపలికి రా. మా మనవరాలిని చూద్దువుగాని."

"తోడు ఒక్కరే," అంది ఎతిదాల్ సిస్టర్.

"నువ్వూరుకో సిస్టర్," అంది దవ్లత్. "రా వదినా. కళ్ళారా చూడు."